బాలింత చెవిలో దూది

షట్టరు సగానికి దించి, ఫ్యాను కిందికి కుర్చీ లాక్కుని కూర్చున్నాడు ఇన్నయ్య. ఫోను ఎదురుగా బల్ల మీద వెల్లకిలా పెట్టుకున్నాడు, మోగీమోగక ముందే కనపడాలని. పన్నెండు రోజుల పసిగుడ్డుకి మడమ మీద సూది గుచ్చి రక్తం తీసుకున్నారట, గంటలో రిపోర్టు చెబుతారట. నరసరావుపేట ఆసుపత్రి నుంచి రవి చేసిన ఫోను మొత్తం ఇంతే. రవి ఆ పిల్ల తండ్రి, టిప్పరు డ్రైవరు. మాటలు కిరాయికి తెచ్చుకున్నట్టు మాట్లాడతాడు, ఇంతకన్నా అతని దగ్గర రాబట్టడం ఎవరి తరమూ కాదు. ఇప్పుడు రెండున్నర. మూడున్నర దాకా ఈ మాచర్ల ఎండనీ, ఈ ఫ్యాను కిర్రుకిర్రునీ భరించాలి. అయినా చిత్రంగా, పొద్దుటికన్నా ఇప్పుడే ప్రాణం తేలిగ్గా ఉంది. చెప్పేశాడు. తప్పో ఒప్పో, తిట్టు తిన్నా సరే, ఫోటోలు తీసుకునే వాడు చెప్పకూడని మాట చెప్పేశాడు. మీ పిల్ల కళ్ళు పచ్చగా ఉన్నాయి, డాక్టరు దగ్గరికి తీసుకుపొండి అని. ఆ మాట నోట్లో పెట్టుకుని, మింగలేక కక్కలేక కూర్చున్న ముప్పావుగంట ఉంది చూశారూ, దాని ముందు ఈ గంట ఏపాటి? అది అయిపోయింది. ఇక రిపోర్టు రావాలి. రిపోర్టులో ఏమీ లేదని వస్తే పిల్ల అమ్మమ్మ మంగమ్మ తనని వీధిలో నిలబెట్టి కడిగేస్తుంది. కడగనీ. అలా కడిగించుకోవడం కోసమే మొక్కుకోవాలనిపిస్తోంది ఇన్నయ్యకి.

బల్ల మీద ఎడమ పక్క ల్యాప్‌టాపు, కుడి పక్క సిస్టం. రెండింటి మీదా ఒకే ఫోటో. మంచం మీద బాలింత అనూష, తలకి గుడ్డ కట్టుకుని, చెవుల్లో దూది పెట్టుకుని, ఒళ్ళో గుప్పెడంత పిల్లతో. సిస్టం మానిటరు అంచుకి టేపుతో అంటించిన ఒక దూది ఉండ ఉంది, పొద్దుటి నుంచీ అక్కడే వేలాడుతోంది. ల్యాప్‌టాపులో అనూష చెవిలో దూదీ, సిస్టంలో అనూష చెవిలో దూదీ, టేపు కింద నిజం దూదీ, మూడూ ఒకటే తెలుపు. ఇది చెప్పుకోవడానికి చిన్న సంగతే గానీ, రెండేళ్ళుగా ఈ రెండు తెరలూ సవతుల్లా కాపురం చేశాయి. ఒకదానికి నచ్చింది రెండోదానికి గిట్టదు. ఇంట్లో ల్యాప్‌టాపు మీద పెళ్ళికూతురి చీర పండుమిరప రంగులో భగభగలాడుతుంది, అదే ఫోటో పెన్‌డ్రైవులో వేసుకొచ్చి స్టూడియోలో తెరిస్తే దానిమ్మ గింజ రంగుకి దిగిపోతుంది. ఎత్తిపోతల దగ్గర కాబోయే జంటని నిలబెట్టి తీసిన ఫోటోల్లో, ఒకదాంట్లో జలపాతం టీ నీళ్ళు, ఇంకోదాంట్లో నీలి మందు. ప్రింటు వచ్చాక చూస్తే ఈ రెండూ కాక మూడో రకం. ‘ల్యాబువాడు చెడగొట్టాడండీ’ అనేవాడు ఇన్నయ్య, ఆడలేక మద్దెల ఓడన్నట్టు. ల్యాబు ఎక్కడో గుంటూరులో ఉంది, ఫోటోలు తీయించుకున్న పార్టీలు దాన్ని వెళ్ళి అడగరు, ఆ ధైర్యం. ఎన్నిసార్లు అనుకున్నాడో ఈ రెండింటినీ ఒక దారికి తేవాలని. ముహూర్తాలు ఉన్నప్పుడు తీరిక లేదు, మూఢం వచ్చినప్పుడు ఓపిక లేదు. నిన్న ఆ పురుడు ఫోటోలు తీయకపోతే ఈ జన్మకి తెచ్చేవాడు కాదు.

నిన్న పదకొండో రోజు. క్వారీలో పని చేసే బాలకోటయ్య ఇల్లు అది, మంగమ్మ అతని భార్య, అనూష వాళ్ళ రెండో కూతురు. పురుడు వెళ్ళకుండా పసిదానికి ఫోటో ఏందన్నా, దిష్టి తగిలిద్ది అని మంగమ్మ ఇన్నాళ్ళూ ఫోన్లు కూడా దగ్గరికి రానివ్వలేదు. పురుడు అయింది కాబట్టి పిలిచింది. ముంగిట్లో నాపరాళ్ళు కాళ్ళు కాల్చేస్తున్నాయి, లోపలికి అడుగు పెడితే చీకటి. బాలింత గది. కిటికీకి దుప్పటి అడ్డం, తలుపు చేరవేసి, మూల కుంపట్లో సాంబ్రాణి. గాలి సోకకూడదు, వెలుగు గుచ్చుకోకూడదు. ఉన్నదల్లా గోడకి ఒక పసుప్పచ్చ బల్బు, పెళ్ళిపందిరి దండలో నుంచి ఊడి వచ్చినట్టు. ఆ వెలుగులో అందరూ అమ్మవారి జాతరకి వెళ్ళొచ్చినట్టే ఉన్నారు, మంగమ్మ, అనూష, చూడ్డానికి వచ్చిన అమ్మలక్కలు, గోడ మీద క్యాలెండరు కూడా. అప్పుడే నలుగు పెట్టి నీళ్ళు పోశారు పిల్లకి. శనగపిండీ పసుపూ కలిపి రుద్ది రుద్ది, మడతల్లో ఇంకా పిండి వాసన. బుగ్గన ఇంత కాటుక చుక్క, అరికాలిన ఇంకో చుక్క. పేరింకా పెట్టలేదు, చిట్టి అంటున్నారు. మంచి నిద్ర. మరీ మంచి నిద్ర అని ఇప్పుడు అనిపిస్తోంది. ‘పాలు తాగి పడుకునుద్దన్నా, ఏడుపన్న మాటే ఎరగదు, బంగారం’ అంది మంగమ్మ మురిసిపోతూ. ఇన్నయ్య ఫ్లాష్ బిగించి పదకొండు ఫోటోలు తీశాడు. పదకొండింటిలో ఒక్కదాంట్లో, ఫ్లాష్ చప్పుడుకో ఏమో, పిల్ల కళ్ళు తెరిచింది. సూటిగా కెమెరాలోకి చూసింది, ఎవర్రా నువ్వు అన్నట్టు.

ఆ చూపు నిన్న రాత్రంతా అతని ల్యాప్‌టాపులోనే ఉంది, అతను చూడలేదు. సాయంత్రం ఇంట్లో ఫోటోలు ఎక్కించి తెరిచాడు. అన్నీ పచ్చగా ఉన్నాయి. పిల్ల పచ్చ, తల్లి పచ్చ, దుప్పటి మీద తెల్ల పువ్వులు పచ్చ. ఆ గది బల్బు పుణ్యం అనుకున్నాడు. అనుకున్నాడని కూడా కాదు, చెయ్యే అనుకుంది. ముప్పై ఏళ్ళ చెయ్యి. పసుపు కొంచెం ఇటు లాగు, ఎరుపు కొంచెం అటు తియ్యి, వెలుగు ఒక పిసరు పెంచు. ‘అన్నా, కాస్త తెల్లగా చెయ్యన్నా’ అనని పార్టీ ఈ ముప్పై ఏళ్ళలో ఒక్కటి తగల్లేదు. అడక్కపోయినా చేసేస్తాడు. పుట్టుకతో వచ్చిన రంగు మీద పల్నాడు ఎండ వేసిన రంగుని తుడిచి తుడిచి, ఊళ్ళో సగం మందిని వాళ్ళ తల్లులే గుర్తుపట్టనట్టు చేసి పంపాడు. సొంత పెళ్ళి ఫోటోనే వదల్లేదు, బ్రష్షు పట్టుకుని లూర్దమ్మని మూడు పాళ్ళు తెల్లబరిచాడు. పాతికేళ్ళుగా ఆవిడ ఆ ఫోటో కింద నిలబడి అడుగుతూనే ఉంది, ‘ఈమెవరయ్యా? ఈమెను చేసుకుని నన్నెందుకు తెచ్చుకున్నావు?’ అని. నిన్న కూడా అన్నం తిందువు రా అని వచ్చి, భుజం మీదుగా తెరలోకి చూసి, పిల్ల పసుపుకొమ్ములాగుందే అంది. బల్బులే, తీసేస్తున్నా అన్నాడు. ‘పచ్చకామెర్లోడికి లోకమంతా పచ్చగా కనపడిద్దంట. నీ కంప్యూటరుకి కామెర్లొచ్చినట్టున్నయ్, కాస్త పసరు పోయించు’ అని నవ్వుకుంటూ పోయింది. తనూ నవ్వాడు. పసుపంతా తీసేశాడు. పిల్ల రోజా పువ్వులా తయారైంది. సేవ్ చేసి, చెయ్యి కడుక్కుని, అన్నం తిన్నాడు. చెయ్యి కడుక్కున్నాడు. ఆ మాట దగ్గరే ఇవాళ మనసు పదే పదే తట్టుకుని ఆగిపోతోంది.

పొద్దున స్టూడియోకి వచ్చి అదే ఫోటో సిస్టంలో తెరిస్తే పిల్ల నేరేడుపండులా ఉంది. పెదవులు ఊదా, బుగ్గలు నీలం, చలిలో వదిలేసిన పిల్లలా. ఒళ్ళు మండింది ఇన్నయ్యకి. పెళ్ళికూతురి చీరైతే సర్దుకుంటాడు, జలపాతమైతే ఎవడికి కావాలి, పురిటి పిల్లని నీలంగా ప్రింటేసి ఇస్తే మంగమ్మ చేతిలో బతుకుతాడా? ఇవాళ అటో ఇటో తేల్చేయాలని ల్యాప్‌టాపుని కూడా ఇంటి నుంచి తెచ్చి పక్కన పెట్టాడు. రెండూ ఎదురెదురుగా కూర్చున్న దాయాదుల్లా చెరో మాట చెబుతున్నాయి. ఏది నిజం? ఎవరిని అడగాలి? అప్పుడు గుర్తొచ్చాడు మీరా సాహెబ్. ఇన్నయ్య రెంటచింతల నుంచి పొద్దుటి బస్సెక్కి మాచర్ల వచ్చి పని నేర్చుకున్నది ఆయన దగ్గరే. నలుపు తెలుపు ఫోటోలకి చేత్తో రంగులద్దేవాడు సాహెబ్, సన్నటి బ్రష్షు నాలుక మీద కొస తేల్చి. ఎప్పుడూ ఒక తెల్ల కాగితం ముక్క బొమ్మ పక్కన పెట్టుకునేవాడు. ఎందుకు సాబ్ అంటే, ‘కన్నంత ఎర్రిది లేదురా. ఎంతసేపు చూస్తే అంత అలవాటు పడిపోద్ది. తెల్లది ఒకటి పక్కనుంటే దానికి సిగ్గుంటది’ అనేవాడు. అయినా తృప్తి లేక, పని అయ్యాక బొమ్మని వాకిట్లోకి, ఎండలోకి తీసుకుపోయి చూసేవాడు. తెల్లది. ఫోటోలో తెల్లది ఏముంది? దుప్పటి ఉతికి ఉతికి ఏ రంగో తెలీదు. గోడ సున్నం పొగచూరింది. అనూష చెవి. చెవిలో దూది. ఈ ఊళ్ళో దూది తెలుపు తెలియని వాడెవడు, పత్తి పండించే చేతులే అందరివీ. సొరుగులో లెన్సు తుడిచే దూది ఉంది. ఇంత ఉండ చేసి మానిటరు అంచుకి అంటించాడు.

ఇక మొదలుపెట్టాడు. ముందు షట్టరు దించాడు, ఎందుకంటే పక్కన కొబ్బరిబొండాల కొట్టు ఆకుపచ్చ పరదా నీడ పదిన్నర దాకా నేరుగా బల్ల మీద పడుతుంది, ఆ సంగతి కూడా ఇవాళే కనిపెట్టాడు. గదిలో ఒక్క ట్యూబులైటు ఉంచాడు. దూది పక్కన చూస్తే ల్యాప్‌టాపులో అనూష చెవి దూది నెయ్యి రాసినట్టుంది, సిస్టంలోది నీలిమందులో ముంచినట్టుంది. రెండూ అబద్ధాలే! ఒకటి అబద్ధం ఒకటి నిజం అనుకున్నాడు ఇన్నాళ్ళూ, కాదు, చెరో పక్కకి లాగుతున్నాయి. ల్యాప్‌టాపులో వెతగ్గా వెతగ్గా నైట్ లైటు అని ఒకటి దొరికింది. లూర్దమ్మ పని. సీరియళ్ళు చూస్తుంటే కళ్ళు మండుతున్నాయని ఎవరో చెబితే నొక్కింది, రాత్రికి మాత్రమే అని పెట్టాల్సింది ఎప్పటికీ అని పెట్టేసింది. రెండేళ్ళ నుంచి అది తెరకి పసుపు రాస్తూనే ఉంది, మంగమ్మ పిల్లకి రాసినట్టు. తీసేశాడు. మానిటరు వెనక బొత్తాలు తడిమితే రంగు కూల్ అని, నీలం వైపుకి ఉంది, కొన్ననాటి నుంచి అంతే. దాన్ని మామూలుకి తెచ్చాడు. వెలుగు రెండింటికీ ఒక లెక్కన దించాడు. ఇటు ఒక గీత, అటు ఒక గీత, దూది వంక చూడటం, తెర వంక చూడటం, కళ్ళు మూసుకుని మళ్ళీ తెరవడం. అరగంట పట్టింది. మూడు దూదులూ ఒకటైన క్షణాన పెద్ద నవ్వొచ్చింది అతనికి, ఒక్కడే కూర్చుని నవ్వాడు. అలా నవ్వుతూనే నిన్న తను కెలికిన ఫోటో పక్కన పడేసి, కెమెరాలో నుంచి వచ్చినదాన్ని వచ్చినట్టుగా రెండు తెరల మీదా తెరిచాడు, కళ్ళు తెరిచిన ఫోటో. దూది తెల్లగా ఉంది. దుప్పటి పువ్వులు తెల్లగా ఉన్నాయి. పిల్ల పచ్చగా ఉంది.

నలుగు పసుపు అనుకున్నాడు వెంటనే. మనసు ఎంత తొందరగా సాకు వెతుక్కుంటుందో. నలుగు పెట్టారు కదా, పసుపు అంటుకుని ఉంటుంది కదా, చంటిపిల్ల తోలు కదా. పెద్దది చేసి చూశాడు. నుదురు పచ్చ, ముక్కు పచ్చ, మెడ పచ్చ. కళ్ళు. కాటుక పెట్టిన రెప్పల మధ్య తెల్లగుడ్డు ఉండాల్సిన చోట తంగేడు పువ్వు రేకంత పసుపు. కంట్లో ఎవరూ నలుగు పెట్టరు. నవ్వు ఎక్కడిదక్కడ ఆగిపోయింది. అయినా రెండేళ్ళు తనని మోసం చేసిన తెరలు ఇవి, అరగంట క్రితం దారికొచ్చాయి, వీటి మాట పట్టుకుని ఒకరి ఇంట్లో నిప్పు పోయాలా? తను పదో తరగతి తప్పినవాడు. డాక్టరు కాదు, కాంపౌండరైనా కాదు. పురుడు మర్నాడు, ఇంటి నిండా చుట్టాలు, పిల్లకి జబ్బు అంటే శాపం పెట్టినట్టుంటుంది. నిజం కాకపోతే ఆ ఇంటి గడప మళ్ళీ తొక్కనిస్తారా? నిజమై చెప్పకపోతే? ఆ ప్రశ్న దగ్గర ఆగి ముప్పావుగంట కూర్చున్నాడు. లేచి మంచినీళ్ళు తాగాడు. మళ్ళీ కూర్చున్నాడు. ఆఖరికి తోచింది, ఫోటోలో ఇంకో జత కళ్ళున్నాయి. అనూషవి. అదే ఫ్లాష్, అదే గది, అదే క్షణం. తల్లి కళ్ళు పెద్దవి చేశాడు. నిద్ర లేక ఎర్ర జీరలున్నాయి గానీ తెలుపు తెలుపుగానే ఉంది. బిడ్డవి పచ్చగా ఉన్నాయి. ల్యాప్‌టాపూ అదే చెప్పింది, సిస్టమూ అదే చెప్పింది. ఇక దానికి ఎదురు లేదు.

ఫోను మంగమ్మే ఎత్తింది. ఫోటోలు అయినయ్యా అన్నా అంది సంతోషంగా, ఆ సంతోషం విని పెట్టేద్దామనుకున్నాడు. పెట్టలేదు. పిల్ల కళ్ళు పచ్చగా కనపడుతున్నాయి మంగమ్మా అన్నాడు. ఆమె విరుచుకుపడింది. ‘ఏందన్నా ఆ మాటలు? నిన్నగాక మొన్న పుట్టిన పిల్లను పట్టుకుని! పసుపు రాశాం, పచ్చగుండక తెల్లగుంటదా? నువ్వు ఫోటోలు తీసుకునేవాడివా, నాడి చూసేవాడివా?’ అంది. నిజమే, నేను ఫోటోలవాణ్ణే, అందుకే రంగు గురించి చెబుతున్నా అన్నాడు. ఆ మాట ఎలా వచ్చిందో తెలియదు, గొంతు మాత్రం తనది కానట్టు గట్టిగా వచ్చింది. పిల్లని ఆ గదిలో చూడొద్దు, ఆ బల్బు కింద మీరూ పచ్చగానే ఉంటారు, వాకిట్లోకి తీసుకొచ్చి పగటి వెలుగులో చూడండి, పక్కన అనూష చెవిలోని దూది తీసి పెట్టుకుని చూడండి అన్నాడు. బాలింతని వాకిట్లోకి తెమ్మంటావా, నీకేమైనా మతి పోయిందా అంటోంది మంగమ్మ. ఈలోగా ఫోను చెయ్యి మారింది. ‘మావయ్యా, ఒక్క నిమిషం’ అంది అనూష. తలుపు తీసిన చప్పుడు, గడియ తగిలిన చప్పుడు, ఎండలోకి వచ్చినప్పుడు పసిపిల్ల చేసే చిన్న మూలుగు. ఇన్నయ్య చెవికి ఫోను అంటించుకుని, మానిటరు మీద దూదిని చూస్తూ నిలబడ్డాడు. ‘మావయ్యా’ అంది అనూష మళ్ళీ. ‘అమ్మా, ఇటు రావే. చూడు. రవికి ఫోన్ చెయ్.’ ఇన్నయ్య ఫోను పెట్టకముందే మంగమ్మ ఏడుపు వినపడింది.

మూడు. రైలు కూత వినపడింది, మాచర్లలో ఆగిపోయే రైలుకి ఇంత కూత ఎందుకో. బయట లారీ మీద మిరపకాయ బస్తాలు పోతున్నట్టున్నాయి, ఘాటుకి తుమ్మొచ్చింది. ఫోను ఒక్కసారిగా ఒళ్ళంతా వణికి మోగింది. చూస్తే లూర్దమ్మ. ‘ఏమైందయ్యా?’ ఇంకా రాలేదు, లైను ఖాళీగా ఉంచు అన్నాడు. ‘జపమాల చెబుతున్నా. మధ్యలో ఆపి చేశాను’ అంది. మధ్యలో ఆపకు, పోయి చెప్పు అన్నాడు, కసిరినట్టు వచ్చింది గానీ కసురు కాదు, ఆవిడకీ తెలుసు. పెట్టేశాక తన చేతి వంక చూసుకున్నాడు. ఎన్ని ముఖాలు తుడిచాడు ఈ చేత్తో. ఎవరి కళ్ళ కింద నీడ ఉంటే దాన్ని, ఎవరి పెదవులు పాలిపోయి ఉంటే వాటికి రంగు. ఆ నీడలు ఎందుకున్నాయో ఒక్కరినైనా అడిగాడా? ఆ పెదవుల్లో రక్తం లేదేమో తల్లీ, ఒకసారి చూపించుకో అన్నాడా? అందంగా చేసి ఇచ్చాడు, వాళ్ళు సంతోషపడి పోయారు. అదీ తప్పని ఇప్పుడు అనలేడు, సంతోషం తప్పెలా అవుతుంది? కానీ నిన్న రాత్రి సేవ్ చేసిన ఆ రోజా పువ్వు పిల్ల, ప్రింటై, ఫ్రేములోకి ఎక్కి, మంగమ్మ గోడ మీద నవ్వుతూ ఉండి, కింద మంచం మీద అసలు పిల్ల నిద్రపోతూ నిద్రపోతూ... వద్దు. ఆ ఫైలుని వెతికి తీసేశాడు. చెత్తబుట్టలో నుంచి కూడా తీసేశాడు. తీసేశాక చెమట పట్టిన చెయ్యి లుంగీకి తుడుచుకున్నాడు.

మూడూ ఇరవై రెండుకి ఫోను మోగింది. రవి పేరు పడింది, మాట్లాడింది మంగమ్మ. ‘కామెర్లేనంట అన్నా. పద్దెనిమిది ఉందంట’ అంది. పద్దెనిమిది అంటే ఎంత, ఎక్కువా తక్కువా, అతనికేం తెలుసు. ‘ఇంకో రెండ్రోజులు ఆ చీకటి గదిలోనే పెట్టుకునుంటే పెరిగి మెదడుకెక్కేదంట. డాక్టరమ్మ నన్ను చానా తిట్టింది. రక్తం మార్చే పని లేదంటన్నా, నీలం లైటు కింద పెడితే సరిపోద్దంట. రెండ్రోజులుంచి పంపుతానంది. పాలు బాగా పట్టమంది.’ ఇంకోసారి చెప్పు అన్నాడు ఇన్నయ్య. ‘ఏంది?’ లైటు చాలంది, అది ఇంకోసారి చెప్పు. చెప్పింది. గుండెల మీద నుంచి నాపరాయి పలక ఎవరో ఇద్దరు మనుషులు పట్టి దించినట్టయింది. కళ్ళమ్మట నీళ్ళు వాటంతట అవే కారుతున్నాయి, తుడుచుకోలేదు. ‘నిన్ను ఏందేందో అన్నాను పొద్దున’ అంది మంగమ్మ. బాగా అన్నావులే, ఇంకా కడుగుతావనుకున్నా అన్నాడు. ఆమె నవ్వింది, ఏడుపూ నవ్వూ కలిసి ముక్కు ఎగబీల్చింది. డాక్టరమ్మ అడిగిందంట, ఎవరమ్మా కనిపెట్టింది, నర్సమ్మా అని. మా ఫోటోల అన్న అని చెప్పిందట మంగమ్మ. ఫోటోల అన్నకి ఎలా తెలిసిందమ్మా అంటే, దూదిని చూసి కనిపెట్టాడు అందట. డాక్టరమ్మకి ఏం అర్థమైందో పాపం.

లూర్దమ్మకి ఫోను చేసి చెప్పాడు. ఆవిడ నుంచి దేవుడికి ఒక దండం, తనకి ఒక చురక. నేను నిన్ననే చెప్పాను పసుపుకొమ్మని, నీ చెవికెక్కితేగా అంది. ఎక్కింది, ఇవాళ ఎక్కింది అన్నాడు. షట్టరు పూర్తిగా ఎత్తాడు. ఎండ లోపలికి పడింది, కొబ్బరిబొండాల కొట్టు పరదా నీడ ఎటో జరిగిపోయింది. ఆకలి తెలిసింది, పొద్దుటి నుంచి ఏమీ తినలేదని తెలిసింది. అప్పుడు టింగుమంది ఫోను. రవి ఫోటో పంపాడు. దాని వెనకే మంగమ్మ గొంతు రికార్డింగు, పక్కన ఏదో యంత్రం గుయ్యిమంటోంది, ‘అన్నా, పిల్ల చూడు, ఎట్టా పడుకుందో. మరీ నీలంగా వచ్చింది, ఆ నీలం తీసేసి, కాస్త తెల్లగా చేసి పంపన్నా, మా అక్కకి పంపాలి.’ ముప్పై ఏళ్ళ అలవాటు ఇద్దరిదీ. ఇన్నయ్య ఫోటోని ల్యాప్‌టాపు మీద తెరిచాడు, సిస్టం మీదా తెరిచాడు. గాజు పెట్టెలో చిట్టి, కళ్ళకి గంతలు, ఒంటి మీద మొలతాడూ చిన్న గుడ్డా తప్ప ఏమీ లేదు, చేతులు రెండూ ఆరేసుకుని, పొట్ట నిండిన పిల్లలా నిద్రపోతోంది. పెట్టె పక్కన వంగి చూస్తున్న అనూష, తల గుడ్డ జారిపోయింది, పట్టించుకోలేదు, చెవిలో దూది మాత్రం ఉంది. పిల్ల నీలం, తల్లి నీలం, గోడ నీలం, దూది నీలం. రెండు తెరల మీదా ఒకటే నీలం, వెంట్రుకవాసి తేడా లేదు. చెయ్యి అలవాటుగా మౌసు మీదికి పోయింది. సాహెబ్ లెక్క ప్రకారం దూది తెల్లబడేదాకా నీలం లాగేయాలి. మానిటరు అంచున వేలాడుతున్న తెల్ల ఉండని చూశాడు, ఫోటోలో నీలం దూదిని చూశాడు. చెయ్యి వెనక్కి తీసుకున్నాడు. ‘ఈ నీలం మాత్రం తీయను మంగమ్మా, ఇట్టాగే పంపు’ అని ఫోనులో చెప్పి, అన్నానికి ఇంటికి బయల్దేరాడు.